మన్రో దొర మన సీమకి మేలు చేసినాడా, కీడు చేసినాడా? తెలిసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి

గుత్తికోట_అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది గుత్తి. గ్రూప్ 2 కి చదువుకుంటున్నా. సర్ థామస్ మన్రో గురించి పుస్తకాల్లో ఉండేది రెండే లైన్లు, రైతు దగ్గర నేరుగా సర్కారే శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతి తెచ్చినాడు, 1820 నుంచి 1827 దాకా మద్రాసు గవర్నర్ అని, అంతే. కానీ మా పక్క ఆయన పేరు రెండు లైన్లలో అయిపోయేది కాదు కదా. ఒకప్పుడు మన జిల్లాల్లో పిల్లోళ్ళకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకునేవాళ్ళంట, ఒక తెల్లదొర పేరు జనం ఇష్టంగా బిడ్డలకి పెట్టుకున్నారంటే ఊరికే పెట్టుకుంటారా అని నాకు ఎప్పట్నుంచో ఉంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడినాడని, గండి క్షేత్రంలో ఆయనకి బంగారు తోరణం కనపడిందని, ఇవన్నీ ఇంట్లో పెద్దోళ్ళు చెప్తాంటే విన్నవే. ఇంగోపక్క నా రూమ్మేట్‌ది కోయిలకుంట్ల సైడు, వాడి దగ్గర మన్రో పేరెత్తితే చాలు కోపం, మన పాలెగాళ్ళని తుడిచిపెట్టినోడు వాడే గదరా అంటాడు. ఇద్దరం రాత్రంతా కొట్లాడుకుంటాం కానీ ఇద్దరికీ పూర్తిగా తెలీదు.

నాకు తెలుసుకోవాలని ఉండేది ఏందంటే, సిపాయిగా వచ్చిన మనిషి అసలు కలెక్టర్ ఎట్లయినాడు, మన దగ్గర ఉన్న ఏడేళ్ళూ ఏం చేసినాడు, అన్నిటికంటే ముఖ్యం రైతుకి నిజంగా శిస్తు తగ్గిందా లేదా. గైడ్లలో ఉండేది కాకుండా ఎవరైనా చదివినోళ్ళు ఉంటే రాయండి ప్లీజ్.


పాత_సర్వేయరు_పత్తికొండ:

నాయనా మంచి ప్రశ్న అడిగినావు. నేను సర్వే డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైనోన్ని, మన్రో సర్వే గురించి సర్వీసులో ఉన్నప్పట్నుంచీ చదువుతానే ఉన్నా, కాబట్టి నాకు తెలిసిన భాగం గట్టిగా చెప్పగలను.

ఆయన 1761లో స్కాట్లండులో గ్లాస్గోలో పుట్టినాడు, 1780లో మద్రాసుకి క్యాడెట్‌గా వచ్చినాడు అంటే సైన్యంలో కింద నుంచి మొదలు. వచ్చిన ఏడే హైదర్ అలీతో యుద్ధం, పన్నెండేళ్ళు దాదాపు సైన్యంలోనే గడిచిపోయినాయి. మలుపు యాడొచ్చిందంటే 1792లో టిప్పు ఓడిపోయి సేలం, కృష్ణగిరి వైపు బారామహల్ ప్రాంతం ఈస్ట్ ఇండియా కంపెనీకి వదులుకున్నాడు. ఆ సీమలో శిస్తు వసూలు చూడడానికి అక్కడి భాషలు తెలిసిన సివిల్ ఆఫీసర్లు దొరకలేదు, అందుకని గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ మిలిటరీ వాళ్ళనే పెట్టినాడు, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ పెద్ద, మన్రో ఆయన కింద అసిస్టెంటు. ఊరూరా తిరిగి, ఒక్కొక్క రైతు చేను కొలిచి, ఆ రైతుతోనే నేరుగా శిస్తు మాట్లాడుకోవడం అనే పద్ధతి అక్కడే తయారైంది. మన్రో కనిపెట్టినాడు అంటారు గానీ రీడ్ పేరు పక్కన పెట్టడం న్యాయం కాదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినాక కెనరాకి పంపినారు, ఆ ఊరు ఆయనకి సరిపడలేదు, 1800లో మన దత్తమండలాలు రాంగానే ఇక్కడికొచ్చినాడు.

దత్తమండలాలు అంటే 1800 అక్టోబరులో నిజాం తన దగ్గర పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద రాసిచ్చిన సీమ, బళ్ళారి, ఉమ్మడి అనంతపురం, కడప జిల్లాలు, ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఆదోని పత్తికొండ కోయిలకుంట్ల పక్క. కర్నూలు పట్నం అప్పుడు నవాబుదే, అది 1839 దాకా కంపెనీ చేతికి పోలేదు. మన్రో దీనంతటికీ ప్రిన్సిపల్ కలెక్టరు, అనంతపురం హెడ్‌క్వార్టర్సు, కింద నలుగురు సబ్ కలెక్టర్లు. హెడ్‌క్వార్టర్సు అన్నమాటే గానీ ఆయన కాపురమంతా డేరాల్లోనే, ఒక ఊరి బయట డేరా, రైతులు పొద్దున్నుంచి వచ్చి చుట్టూ కూర్చుంటారు, కరణం లెక్కలు విప్పుతాడు, వాన రాలేదు, చెరువు తెగింది, ఎద్దు చచ్చిపోయింది, ఇట్ల ఒకడి తర్వాత ఒకడు, అవన్నీ విని ఆ ఏడు జమాబందీ, అంటే ఎవరెంత శిస్తు కట్టాలనే లెక్క తేల్చడం, మళ్ళీ ఇంగో ఊరికి డేరా. జనానికి ఆయన మీద అభిమానం పుట్టింది ఈ వినడం దగ్గరే అని నా అభిప్రాయం. అంతకుముందు ఆ రైతు మాట వినడానికి కచేరీ గడప కూడా ఎవరూ తొక్కనిచ్చినోళ్ళు లేరు.

ఇప్పుడు సర్వే సంగతి. 1802లో మొదలుపెట్టినాడు, మొదలుపెట్టేటప్పుడు కొలిచే పని తెలిసిన గుమాస్తాలు నలుగురే, తర్వాత వాళ్ళ దగ్గర నేర్చుకున్నోళ్ళతో సంఖ్య పెరిగి నూరు దాకా పోయింది. గొలుసు పొడవు 33 అడుగులు. 33 అడుగుల చదరం అంటే 1089 చదరపు అడుగులు, అంటే ఒక గుంట, 40 గుంటలు ఎకరా, ఇప్పటికీ కర్ణాటక బార్డరు ఊర్లలో జనం గుంటల్లోనే మాట్లాడుకుంటారు కదా, ఆ లెక్కకి ఈ గొలుసు సరిగ్గా సరిపోతుంది. కొలిచేవాళ్ళు పోయినాక వెనకాల మదింపు చేసేవాళ్ళు వచ్చి మెట్ట, మాగాణి, తోట అని వేరు చేసి, మళ్ళీ నేల సారాన్ని బట్టి తరగతులు కట్టి శిస్తు వేసినారు. రెడ్డి, కరణం, రైతులు ఉండంగానే ఈ తరగతులు కట్టేవాళ్ళు, ఎవరిదైనా తప్పుగా రాస్తే పక్క రైతే చెప్పేవాడు. శాటిలైట్లు, డ్రోన్లు లేని కాలంలో ఇంత పెద్ద సీమని నాలుగైదేళ్ళలో చేను చేనుగా కొలిచి పెట్టడం మామూలు విషయం కాదు, ఆ పని చేసింది మన గుమాస్తాలు, ఎండలో గొలుసు లాగిన మన తలార్లు, వెట్టోళ్ళు, వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు, అది నాకు ఎప్పుడూ బాధే.

శిస్తు తగ్గిందా అని అడిగినావు కదా, ఇక్కడే అసలు కథ ఉంది. ఆయన సర్వే ప్రకారం కట్టిన శిస్తు పంటలో సుమారు నూటికి 45 పాళ్ళు సర్కారుకి పోయేట్టు ఉండె. ఏడేళ్ళలో రాబడి కూడా దాదాపు సగం పెరిగింది, మద్రాసులో పెద్దలు సంబరపడినారు. కానీ దేశం వదిలి పోయేముందు 1807 ఆగస్టులో ఆయనే ఒక లెటరు రాసినాడు, ఈ రేట్లు ఎక్కువ, మెట్టకి మాగాణికి నూటికి 25 తగ్గించాలి, తోట భూములకి ఇంగా ఎక్కువ తగ్గించి 33 దాకా చేయాలి, అప్పుడే రైతు చేతిలో ఏమైనా మిగిలి భూమికి ఒక విలువ వస్తుందని. లెక్క వేసుకో, నూరు రూపాయల పంటకి 45 కట్టేవాడు 25 శాతం తగ్గిస్తే 34 లోపు కడతాడు, అంటే మూడో వంతు. మూడో వంతు కంటే ఎక్కువ తీసుకుంటే భూమి ఆస్తిగా నిలబడదు అన్నది ఆయన వాదన. రైతు తనకిష్టమైతే చేను వదులుకోవచ్చు, ఇష్టమైతే ఎక్కువ సాగు చేసుకోవచ్చు అని కూడా అందులో ఉంది.

పైనోళ్ళు ఒప్పుకోలేదు. ఆయన ఓడ ఎక్కి పోయినాడు, ఇక్కడ రైత్వారీనే తీసేసి ఊరు మొత్తాన్ని గుత్తకి ఇచ్చే పద్ధతి పెట్టినారు, మొదట మూడేళ్ళ గుత్త, తర్వాత పదేళ్ళ గుత్త. ఆ గుత్తలు మన్రో నాటి ఎక్కువ రాబడి లెక్కల మీదనే కట్టినారు, తగ్గింపు లేదు, పైగా వానలు సరిగా లేవు, గుత్తకి తీసుకున్న పెద్దకాపులే ఆస్తులు అమ్ముకోవాల్సి వచ్చింది. చివరికి మన్రోనే గవర్నరుగా తిరిగొచ్చినాక 1820లో రైత్వారీ మళ్ళీ పెట్టి, ఆయన 1807లో అడిగిన 25, 33 తగ్గింపు అప్పుడు అమలు చేసినారు. ఒక కలెక్టరు రైతు కోసం అడిగిన తగ్గింపు రావడానికి పదమూడేళ్ళు, అది కూడా అడిగినోడే గవర్నరు అయితే గానీ రాలేదు, నా ఉద్దేశంలో మన్రో కెరీర్ మొత్తంలో గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే.


రేనాటి_సూరీడు:

పెద్దాయన రాసింది బాగుంది, సర్వే గురించి ఇంత వివరంగా నేను కూడా ఎప్పుడూ వినలేదు. కానీ ఒక పక్కే చెప్తే ఎట్ల సార్, మా రేనాడు, అంటే కోయిలకుంట్ల వైపు సంగతి కూడా చెప్పాలి కదా. గుత్తి తమ్ముడి రూమ్మేట్ కోపంలో న్యాయం ఉంది.

మన్రో వచ్చేనాటికి దత్తమండలాల్లో 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ కింద సుమారు 30 వేల మంది ఆయుధాలు పట్టినోళ్ళు. వీళ్ళు ఆకాశం నుంచి ఊడిపడినోళ్ళు కాదు, విజయనగరం కాలం నుంచి ఊర్లకి కావలి కాసి, దాని కింద మాన్యాలు, రుసుములు తినేవాళ్ళు. అందులో ఊర్లు దోచినోళ్ళు, పక్క పాలెగాని పశువులు తోలుకొచ్చినోళ్ళు లేరని నేను అనను, ఉన్నారు. కానీ మన్రో చేసింది ఏందంటే అందరినీ ఒకే గాటన కట్టినాడు. పేష్కష్, అంటే పాలెగాళ్ళు సర్కారుకి కట్టే కప్పం ఎక్కువగా పెంచడం, కట్టలేకపోతే అదే సాకుగా పాళెం తీసుకోవడం, కోటలు పడగొట్టడం, బంట్లని ఆయుధాలు దించమనడం, మేజర్ జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం ఒకపక్క తిరుగుతానే ఉండె. కొందరు నిజాం సీమకి పారిపోయినారు, కొందరు జైల్లో పడినారు, మిగిలినోళ్ళకి నెలనెలా పెన్షన్. ఇది నేను కోపంతో చెప్పేది కాదు, లండన్‌లో కంపెనీ డైరెక్టర్లే పాలెగాళ్ళ విషయంలో మన్రో చేసినదాన్ని తప్పుబట్టినారు, వాళ్ళకే అది అన్యాయంగా కనపడింది. మన్రో ఏమో వీళ్ళని ఉండనిస్తే రైతు రెండు చోట్ల శిస్తు కట్టాల్సి వస్తుంది అన్నాడు.

తెర్నేకల్లు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు దేవనకొండ మండలం. 1801లో అక్కడ జనం శిస్తు కట్టం అని ఎదురు తిరిగినారు, తహసీల్దారుని చంపినారు, ఊరి కోటలో తలుపులు వేసుకుని కూర్చున్నారు. కంపెనీ సైన్యం మొదటి దెబ్బకి లోపలికి పోలేకపోయింది, తర్వాత ఎక్కువ బలంతో వచ్చి కోట పట్టుకున్నారు, చాలామంది చచ్చిపోయినారు. వాళ్ళు పాలెగాళ్ళు కూడా కాదు సార్, సేద్యం చేసుకునే జనం. మన్రో వచ్చిన మొదటి ఏడాదే జరిగింది ఇది, డేరా దగ్గర రైతు మాట వినడం గురించి చెప్పేటప్పుడు దీన్ని కూడా పక్కన పెట్టి చూడాలి.

ఇంగ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడింది దేని మీద? మన్రో కాలంలో పాళేలు పోయి పెన్షన్ల మీద బతికే కుటుంబాలు వాళ్ళవి. ఆయన వాటాకి వచ్చేది నెలకి 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆయన తాత నొస్సం జయరామిరెడ్డి చనిపోయినాక ఆ కుటుంబం పెన్షన్ ఆపేసినారు, అది అడగబోతే కోయిలకుంట్ల తహసీల్దారు అవమానించినాడు, అక్కడ రగిలింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం ముందర ఉరి తీసినారు. మన్రో చచ్చిపోయిన ఇరవై ఏళ్ళకి జరిగింది అంటారేమో, కానీ పునాది 1800 నాటిదే.

చివరిగా రైత్వారీ. కాగితం మీద రైతు, సర్కారు మధ్యలో ఎవరూ లేరు. మధ్యలో ఎవరూ లేకపోతే కొట్టేది కూడా నేరుగా సర్కారే. 1854-55లో మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు కోసం రైతుల్ని హింసలు పెడతాండారని కంపెనీనే ఒక టార్చర్ కమిషన్ వేసి విచారణ చేయాల్సి వచ్చింది, ఎండలో వంచి నిలబెట్టడం, వీపు మీద రాళ్ళు పెట్టడం, వేళ్ళని కిట్టి అనే కర్రల మధ్య పెట్టి నొక్కడం ఇవన్నీ ఆ రిపోర్టులో ఉన్నాయి. మన్రో చేయమన్నాడని నేను అనడం లేదు. కానీ ఆయన కట్టిన యంత్రం అట్ల కూడా పనిచేసింది.


గుత్తికోట_అబ్బాయి:

అన్నా చాలా థ్యాంక్స్, తెర్నేకల్లు విషయం నాకు అసలు తెలీదు, గుత్తి నుంచి అంత దూరం కూడా కాదు కదా. పెద్దాయనా మీకు కూడా. ఇప్పుడు నాకు ఇంగో డౌటు వచ్చింది, 1807లో పోయినాక ఏం చేసినాడు, మళ్ళీ గవర్నర్ ఎట్లయినాడు? గవర్నర్‌గా పనులేమైనా చెప్పుకోదగ్గవి ఉన్నాయా, శిస్తు కాకుండా? స్వామి కనపడింది, తోరణం కనపడింది అనేవి నిజమా అని కూడా ఎవరైనా చెప్పండి.


కడప_చరిత్ర_టీచరు:

తమ్ముడూ, నేను కడపలో స్కూల్లో సోషల్ చెప్తాను, పిల్లలకి చెప్పడానికి చదివినదే ఇక్కడ రాస్తున్నాను.

1807లో ఇంగ్లండుకి పోయి ఊరికే కూర్చోలేదు. 1813లో కంపెనీ చార్టర్ రెన్యూవల్ అప్పుడు పార్లమెంటు కమిటీ ముందర సాక్ష్యం చెప్పినాడు, ఆయనకి ఉన్న అనుభవం చూసి 1814లో మద్రాసుకి జ్యుడీషియల్ కమిషన్ పెద్దగా పంపినారు. అప్పటికి కోర్టుల్లో కేసులు గుట్టలుగా పడిపోయి ఉన్నాయి, రైతు పది రూపాయల తగాదాకి కూడా జిల్లా కోర్టుకి పోవాల్సిన పరిస్థితి. 1816లో చట్టాలు మార్పించినాడు, ఊరి రెడ్డికే చిన్న తగాదాలు తీర్చే అధికారం ఇచ్చి గ్రామ మున్సబు అన్నారు, పంచాయతీలకి గుర్తింపు ఇచ్చినారు, మెజిస్ట్రేటు అధికారం, పోలీసు కలెక్టరు కిందికి తెచ్చినారు. మన ఊర్లలో మున్సబులు, కరణాలు 1984లో ఎన్.టి.ఆర్. తీసేసేదాకా ఉన్నారు కదా, ఆ మున్సబు ఉద్యోగానికి చట్టం రూపం ఇచ్చింది ఆ 1816 నాటిదే. కలెక్టర్ అంటే శిస్తూ ఆయనే, శాంతిభద్రతలూ ఆయనే అనే అలవాటు మనకి ఇప్పటికీ ఉంది, దాని వెనకాల కూడా మన్రో వాదన ఉంది.

1817, 18లో మరాఠా యుద్ధం వస్తే మళ్ళీ కత్తి పట్టుకుని ధార్వాడ వైపు పోయినాడు. 1820 జూన్‌లో గవర్నరు. ఆ ఏడాదే మా కడప వాళ్ళకి చాలా దగ్గరి విషయం ఒకటి జరిగింది. సి.పి. బ్రౌన్ మద్రాసు కాలేజీలో పరీక్ష పాసైనప్పుడు మన్రో ఆ కుర్రాళ్ళ ముందర మాట్లాడుతూ ఈ దేశం జనం భాష నేర్చుకోకుండా వాళ్ళని పాలించలేరు అని చెప్పినాడు, ఆ మాట తన మీద బాగా పనిచేసిందని బ్రౌనే తర్వాత రాసుకున్నాడు. ఆ తర్వాత బ్రౌన్‌కి మొదటి పోస్టింగ్ కడప. వేమన పద్యాలు, నిఘంటువు, ఆయన చేయించిన రాతప్రతుల సేకరణ, వీటన్నిటి మొదట్లో మన్రో మాట ఒకటి ఉందంటే నాకు చాలా ఇష్టంగా ఉంటుంది.

ఇంక చదువు. 1822లో జిల్లాల్లో ఎన్ని బడులు ఉన్నాయి, ఎంతమంది పిల్లలు చదువుతున్నారు, ఏ కులాల వాళ్ళు, ఏ పుస్తకాలు అని కలెక్టర్లందరినీ లెక్కలు అడిగినాడు. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలోనే ఉండేది, ఆ జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు చాలా పేరున్నది, తెలుగు వ్యాకరణం రాసినాయన కూడా ఆయనే. ఆ జిల్లాలో 533 బడులు, 6600 మంది పైగా పిల్లలు అని లెక్క ఇచ్చినాడు, కన్నడ బడులూ తెలుగు బడులూ దాదాపు సమానంగా ఉన్నాయి. ఊర్లలో జనం చేతిలో డబ్బు లేక పిల్లల్ని బడి మాన్పిస్తున్నారు, ముందు రాజుల కాలంలో చదువుకి ఇచ్చిన ఆసరా మన పాలనలో పోయింది అని కంపెనీకి కంపెనీ కలెక్టరే రాసినాడు. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి తేలింది 12,498 బడులు, సుమారు ఒక కోటి 28 లక్షల జనాభాకి. 1826లో మన్రో జిల్లాకి రెండు మంచి బడులు, తాలూకాకి ఒకటి పెట్టాలని ప్రతిపాదన చేసినాడు, మద్రాసులో టీచర్లని తయారుచేసే స్కూలు కూడా. ఆయన ఇంకో పదేళ్ళు బతికుంటే ఆ పథకం నిలబడేదేమో, ఆయన పోయినాక ఎవరూ పట్టించుకోలేదు, ఇంగ్లీషు చదువు వైపు పోయింది ప్రభుత్వం.

1824 డిసెంబరు 31న ఆయన రాసిన మినిట్, అంటే గవర్నరుగా తన అభిప్రాయం రాసిపెట్టిన సర్కారీ నోటు కూడా చదవాల్సిందే. అందులో ఈ దేశం వాళ్ళని పెద్ద ఉద్యోగాలకి దూరం పెట్టడం తప్పు, నమ్మకం పెట్టి మంచి జీతం ఇస్తేనే నిజాయితీ వస్తుంది, ముందు వచ్చిన దండయాత్రల వాళ్ళు క్రూరంగా ఉన్నారు కానీ మనం చూపించినంత చులకన ఎవరూ చూపలేదు, ఏదో ఒక రోజు వీళ్ళు తమని తాము పాలించుకునే స్థితికి వస్తారు, అప్పుడు మనం వదిలి పోవడమే మంచిది అన్నట్టు రాసినాడు. రేనాటి అన్న చెప్పిన పాలెగాళ్ళ సంగతి నేను కాదనను, ఆ పక్క కూడా పిల్లలకి చెప్తాను. కానీ 1824లో కంపెనీ గవర్నరు ఒకడు ఇట్ల రాయడం తేలిక కాదు, చెప్పిన మాటకి తగ్గట్టు మన వాళ్ళకి పెద్ద ఉద్యోగాలు మాత్రం ఆయన కాలంలో రాలేదు, అది కూడా నిజమే.


ఆదోని_మిత్ర:

మంత్రాలయం గురించి నేను చెప్తా, మాది ఆ పక్కే. అప్పుడు ఆ ఊరు మంచాల, ఆదోని తాలూకాలో. మఠానికి ఉన్న ఇనాం గ్రామం సర్కారు తీసుకోవాలని విచారణకి మన్రో వచ్చినాడు, బృందావనం ముందర బూట్లు, టోపీ తీసి నిలబడితే స్వామి ఆయనకొక్కడికే కనపడి ఇనాం వివరం చెప్పినాడు, పక్కనున్నోళ్ళకి ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియలేదు, ఇనాం వదిలేసినారు, ఇది మఠం చెప్పేది, మేమందరం నమ్మేది. నేను నమ్ముతాను, పరీక్షలో రాయమని మాత్రం చెప్పను. గండి క్షేత్రం కథ కూడా అట్లాంటిదే, పాపాఘ్ని రెండు కొండల మధ్య దూకే చోట రాములవారు వచ్చినప్పుడు వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం చావు దగ్గరకొచ్చిన గొప్పవాళ్ళకే కనపడుతుందంట, మన్రో పోతూ అదేంటి అని అడిగితే పక్కనున్నోళ్ళకి ఏమీ కనపడలేదంట. జనం ఒక మనిషిని ఎంత దగ్గరగా చూసుకుంటే ఇట్లాంటి కథల్లోకి తెచ్చుకుంటారు, నాకు అది చాలు.


పాత_సర్వేయరు_పత్తికొండ:

రేనాటి సూరీడుకి ఒక మాట. తెర్నేకల్లు, పాలెగాళ్ళ విషయం నువ్వు చెప్పింది సబబే నాయనా, నేను దాచాలని రాయకుండా లేను, నాకు తెలిసింది సర్వే. టార్చర్ కమిషన్ విషయంలో మాత్రం ఒకటి కలుపుకో, మన్రో 1807లో రాసిందాంట్లో రైతు తనకి చాతకాని చేను వదులుకునే హక్కు ముఖ్యం. మొదట్లో ఆయన కింద కూడా రైతుని ఇంత భూమి సాగు చేయాల్సిందే అని బలవంతం పెట్టేవాళ్ళు, అది ఆయనకే తెలుసు, అందుకే ఆ హక్కు అడిగినాడు. 1820 తర్వాత కూడా కింది తహసీల్దార్లు, కచేరీ నౌకర్లు దాన్ని సరిగ్గా నడపలేదు. మా పక్క రైతులకి రేటు తగ్గింది నిజం, వసూలు పద్ధతి మారకపోవడం కూడా నిజం. వాన లేని సీమలో డబ్బు రూపంలో ఒకే రేటు శిస్తు పెడితే, కరువు ఏడు వచ్చినప్పుడు మాఫీ ఇచ్చే మంచి కలెక్టరు ఉంటేనే రైతు బతుకుతాడు, ఆ కలెక్టరు లేని ఏడు షావుకారు దగ్గరికే పోవాల. ఆ లోటు మన్రో పద్ధతిలో మొదట్నుంచీ ఉంది.

చావు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తా. 1826లోనే ఇంగ నన్ను వదలండి అని అడిగినాడు, భార్య, జబ్బు చేసిన చిన్న కొడుకు ముందే ఇంగ్లండు పోయినారు, కొత్త గవర్నరు రావడం ఆలస్యమైంది. పోయేముందు దత్తమండలాలు ఒకసారి చూసొస్తా అని 1827 మే చివర్లో బయలుదేరినాడు, అందరూ వద్దన్నారు, ఆ ఏడు కలరా గత్తర ఉండె. జూలై మొదట్లో గుత్తి చేరేసరికే వెంట వచ్చిన మనుషులు కొందరికి తగులుకుంది. జూలై 6న పత్తికొండలో ఆయనకీ వచ్చింది, ఆ రాత్రికే ప్రాణం పోయింది. మర్నాడు గుత్తికి తీసుకుపోయి అక్కడ పూడ్చినారు. 1831లో శవాన్ని తీసి మద్రాసు కోటలో సెయింట్ మేరీస్ చర్చికి మార్చినారు. పత్తికొండలో సర్కారు ఆయన పేరు మీద చెట్లతోపు వేయించి, రాతి మెట్ల బావి కట్టించింది, గుత్తిలో సత్రం కట్టించినారు. మద్రాసులో గుర్రం మీది విగ్రహం 1839లో పెట్టినారు, చాంట్రీ అనే శిల్పి లండన్‌లో చేసి పంపినాడు, జీను, రికాబులు లేకుండా ఉంటుంది, ఇప్పటికీ ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర రోడ్డు మధ్యలో చూడొచ్చు.


రేనాటి_సూరీడు:

పెద్దాయనా, చేను వదులుకునే హక్కు విషయం నేను చదవలేదు, అది వెతికి చదువుతా. పాలెగాళ్ళ మీద నా మాట మాత్రం మార్చుకోను, 80 మందిలో ఎవరు దోచినాడో ఎవరు కావలి కాసినాడో వేరు చేసి చూసే ఓపిక, చేను చేనుకీ తరగతి కట్టినోడికి లేకపోయిందని నా బాధ.


గుత్తికోట_అబ్బాయి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇదంతా నోట్స్ రాసుకున్నా. నా రూమ్మేట్‌కి కూడా చూపించినా, వాడు తెర్నేకల్లు పోదాం పద అంటాండాడు. చివరిగా ఒకటి, ఎగ్జామ్‌లో మన్రోని అనంతపురం కలెక్టర్ అని రాస్తే సరిపోతుందా? ఒక టెస్ట్ సిరీస్‌లో అట్లే ఇచ్చినారు.


కడప_చరిత్ర_టీచరు:

అట్ల రాయొద్దు తమ్ముడూ. దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టర్, 1800 నుంచి 1807, హెడ్‌క్వార్టర్స్ అనంతపురం అని రాయి. 1808లో ఆ సీమని బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేసినారు, అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడిపోయింది 1882లో. కర్నూలు పట్నం 1839లో నవాబు నుంచి తీసుకున్నారు కాబట్టి కర్నూలు జిల్లా మొత్తం మన్రో కింద ఉందని కూడా రాయకు. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది, మన్రో కాలం ప్రశ్నలకి జవాబులో దత్తమండలాలు అనే వాడు. రైత్వారీకి 1820 అని ఇస్తే అది మద్రాసు రాష్ట్రానికి, మన దగ్గర మొదటిసారి మన్రో కలెక్టర్‌గా ఉన్నప్పుడే నడిచింది, 1808 నుంచి గుత్తలు, మళ్ళీ 1820 తర్వాత రైత్వారీ. ఈ వరస గుర్తుంటే ఏ ఆప్షన్ ఇచ్చినా తప్పు పోవు.